నిర్బంధం మిగిల్చే ఉద్యమం

1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో కమ్యూనిస్టుల నాయకత్వంలోని రైతు సంఘం ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఒక్క శవం పడితే ఊరు తలుపులేసుకుంటుందని దొర గడి లెక్క. అంతకుముందు ఎన్నో ఊళ్ళలో ఆ లెక్క సరిపోయింది, ఈసారి తప్పింది. జనం చెదిరిపోకుండా కాల్చినవాళ్ళ మీదికే తిరిగారు. కొద్ది వారాల్లో నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో ఊరి వెంట ఊరు కర్రలు, వడిసెలలు పట్టుకుని లేచింది. వెట్టి చెయ్యబోమని గడుల ముందే నిలబడి చెప్పింది. దేశ్‌ముఖ్ గూండాలను రాజ్యం అనవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. శిస్తు, పంచాయితీ, పోలీసు అండ అన్నీ దొర చేతిలోనే ఉన్న నిజాం సంస్థానంలో ఆ తేడా ఊరివాళ్ళకు కనపడేది కాదు.

1970 జులై 10న శ్రీకాకుళం జిల్లా బోరి కొండల్లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో చనిపోయారు. అంతకు ముందే పంచాది కృష్ణమూర్తి, సుబ్బారావు పాణిగ్రాహి పోయారు. మిగిలినవాళ్ళు పార్వతీపురం కుట్ర కేసులో జైళ్ళకు చేరారు. ఏజెన్సీలో మూడేళ్ళ పాటు రాష్ట్రాన్ని ఊపేసిన గిరిజన పోరాటం ఆ తర్వాత మళ్ళీ ఆ స్థాయిలో తలెత్తలేదు. కడవెండిలో తుపాకి ఉద్యమాన్ని పెంచింది, బోరి కొండల్లో ముగించింది. ఎందుకు?

మన దగ్గర దీనికి రెండు సిద్ధమైన జవాబులున్నాయి. నిర్బంధం పెరిగేకొద్దీ ప్రతిఘటన పెరుగుతుందని విప్లవ పార్టీలు దశాబ్దాలుగా గోడల మీద రాస్తున్నాయి. గట్టిగా అణిస్తే ఎంతటి ఉద్యమమైనా అణిగిపోతుందని పోలీసు శాఖ నమ్మకం. రెండు పక్షాలూ తమకు కలిసొచ్చే ఉదాహరణలనే ముందు పెడతాయి, ఆ ఉదాహరణలు అబద్ధాలు కూడా కావు. అందుకే ఈ వాదం ఎన్నేళ్ళు సాగినా తెగదు.

పండితుల దగ్గరా చాలాకాలం ఇదే పరిస్థితి. 1970లో టెడ్ గర్ తిరుగుబాట్ల మీద రాసిన పుస్తకంలో, ఆశకూ అందేదానికీ మధ్య అగాధం పెరిగితే మనుషులు తిరగబడతారన్నాడు. అణచివేత మరీ తక్కువగా ఉన్నా మరీ ఎక్కువగా ఉన్నా తిరుగుబాటు తగ్గుతుందని, అరకొర అణచివేతే ప్రమాదమని ఆ ధోరణిలో వచ్చిన సిద్ధాంతం. చార్లెస్ టిలీ 1978లో మరో దారి పట్టాడు. జనానికి కోపం ఎప్పుడూ ఉంటుంది, కూడబలుక్కోవడానికి అయ్యే ఖర్చు ఎంతన్నదే అసలు సంగతి, అణచివేత ఆ ఖర్చును పెంచుతుంది అన్నాడు. 1987లో మార్క్ లిచ్‌బాక్ ఇంకో మెలిక చూపించాడు. ప్రభుత్వం ఒక నిరసన రూపాన్ని అణిస్తే జనం రెండో రూపానికి మళ్ళుతారు. శాంతియుత సభను కొడితే రహస్య దళం పుడుతుంది. ఒకసారి రాయితీ, ఒకసారి లాఠీ అంటూ ఊగిసలాడే ప్రభుత్వం దగ్గరే అలజడి పెరుగుతుంది. ఇరాన్ విప్లవాన్ని వారాల వారీగా లెక్కగట్టిన కేరెన్ రాస్లర్ 1996లో కాలాన్ని కలిపింది: కాల్పులు జరిగిన వెంటనే వీధులు ఖాళీ అవుతాయి, కొన్ని వారాల తర్వాత అవే వీధులు రెట్టింపు నిండుతాయి. ఇదంతా సమీక్షించిన క్రిస్టియన్ డావెన్‌పోర్ట్ 2007లో తేల్చింది నిరాశ కలిగించే మాటే. జనం కదిలితే ప్రభుత్వం అణచివేతకు దిగుతుందన్నది దాదాపు ప్రతి దేశంలోనూ రుజువైంది. ఆ అణచివేత జనాన్ని ఏం చేస్తుందన్నదానికి మాత్రం ఒక్కో అధ్యయనం ఒక్కో జవాబు చెబుతోంది.

నా ఉద్దేశంలో ఈ చిక్కు ప్రశ్నలోనే ఉంది. ఉద్యమం పెరిగిందా తగ్గిందా అని అడుగుతున్నంత కాలం మనం దాన్ని తూకం వేయదగ్గ ఒకే సరుకుగా చూస్తున్నాం. ఊరి బైఠకు, సంఘం, సభ, సమ్మె, కరపత్రం, కోర్టు కేసు, దళం, మందుపాతర అన్నీ ఒకే ఉద్యమంలో ఉంటాయి. వీటిలో ఏది మొదట చస్తుంది, ఏది మిగులుతుంది అన్నది నిర్బంధమే చాలావరకు నిర్ణయిస్తుంది. లిచ్‌బాక్ మాటకు మన చరిత్ర ఇచ్చినంత సాక్ష్యం ఇంకెక్కడా అంత దగ్గరగా కనపడదు.

తెలంగాణ సాయుధ పోరాటాన్నే తీసుకుందాం. 1946 చివరికల్లా నిజాం ప్రభుత్వం సంఘాన్ని నిషేధించి సైన్యాన్ని ఊళ్ళలోకి దింపింది. తర్వాత రజాకార్లు వచ్చారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి జనం ఊరి బురుజు ఎక్కి తమను తాము కాపాడుకోవడానికి ప్రయత్నించారు. బురుజు కూలాక పదుల సంఖ్యలో మగవాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చారు. ఎవరు సంఘమో ఎవరు కాదో చూడకుండా ఊరినే శత్రువుగా లెక్కగట్టిన అణచివేత అది. అలాంటి చోట ఇంట్లో కూర్చున్నా చావు తప్పదు, దళంలో చేరితే కనీసం చేతిలో తుపాకి ఉంటుంది. ఈ తర్కం తెలియడానికి సిద్ధాంతం చదవనక్కర్లేదు. స్టాథిస్ కలీవాస్ 2006లో గ్రీసు అంతర్యుద్ధ గ్రామాలను పరిశీలించి ఇదే చెప్పాడు: విచక్షణ లేని హింస, తటస్థంగా ఉన్నవాడిని కూడా అవతలి పక్షానికి తోస్తుంది.

1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది. నిజాం అయిదు రోజుల్లో లొంగిపోయాడు కానీ కమ్యూనిస్టు దళాలతో పోరు ఇంకో మూడేళ్ళు నడిచింది. ఆ మూడేళ్ళను అణచివేత కథగా మాత్రమే చెప్పేవాళ్ళు సగమే చెబుతున్నారు. 1949లో జాగీర్దారీ రద్దయింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారు అనే హక్కు పుట్టింది. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భూదానం మొదలైంది. ఇంకోవైపు గోదావరి అడవుల్లో కోయలను గూడేల నుంచి లేపి క్యాంపుల్లో పెట్టారు. పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో ఇచ్చిన లెక్క ప్రకారం మొత్తం పోరాటంలో 4,000 మంది చనిపోయారు, పదివేల మందికి పైగా నిర్బంధ శిబిరాల్లో, జైళ్ళలో మగ్గారు. నిజాం పోయాడు కాబట్టి ఆయుధం దించాలని రావి నారాయణరెడ్డి లాంటివాళ్ళు, దించితే పంచిన భూములు పోతాయని మరికొందరు పార్టీలోనే తెగ వాదించుకున్నారు. 1951 అక్టోబర్‌లో విరమణ ప్రకటన వచ్చింది. నాలుగు నెలల్లో ఎన్నికలు జరిగితే అదే రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్ళాడు. దళం ఓడిపోయింది. దళాన్ని పెంచిన సంఘం ఓడిపోలేదు, దానికి ఓటు అనే దారి దొరికింది.

కోస్తాలోనూ ఇంతే. 1949లో కృష్ణా జిల్లా కాటూరు, యలమర్రు గ్రామాల్లో పోలీసులు మగవాళ్ళ బట్టలు విప్పించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పి కొట్టారు. స్వతంత్రం వచ్చిన రెండో ఏడాది అది. అప్పుడు దిగిన మలబారు పోలీసుల పేరు చాలాకాలం ఆ ఊళ్ళలో తిట్టుగా ఉండిపోయింది. 1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర జిల్లాల నుంచి 41 మంది కమ్యూనిస్టులు గెలిచి వచ్చారు. ఈ రెంటికీ నేరుగా ముడిపెట్టడం తొందరపాటే, ఆహార కొరత, కాంగ్రెస్ ముఠా తగాదాలు కూడా పనిచేశాయి. అయినా అవమానం అనేదాన్ని లెక్కలోకి తీసుకోని సిద్ధాంతం ఆ ఎన్నికను వివరించలేదు. ఎల్ సాల్వడార్ రైతుల దగ్గర కూర్చుని 2003లో పుస్తకం రాసిన ఎలిజబెత్ వుడ్ ఇదే గమనించింది. ప్రాణానికి ముప్పు ఎక్కువ, చేతికొచ్చే లాభం తక్కువ అని తెలిసీ వాళ్ళు తిరగబడ్డారు, జరిగిన అన్యాయానికి తలవంచకపోవడమే వాళ్ళకు విలువైనదైంది.

శ్రీకాకుళంలో దారులు ఒక్కొక్కటీ మూసుకున్న తీరు స్పష్టంగా కనపడుతుంది. అక్కడ గిరిజన సంఘం ఏళ్ళ తరబడి కూలి రేట్లు, పోడు భూములు, షావుకార్ల అప్పుల మీద బహిరంగంగానే పనిచేసింది. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకు వెళ్తున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి కోరన్న, మంగన్నలను చంపారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ తర్వాతే, 1968 నవంబర్‌లో, సాయుధ దాడులు మొదలయ్యాయి. వేరే దారి లేదనిపించిన చోటే విప్లవాలు పుడతాయని జెఫ్ గుడ్విన్ 2001లో మధ్య అమెరికా, తూర్పు ఐరోపా దేశాలను పోల్చి రాశాడు. గిరిజనేతరులకు భూబదిలీని పూర్తిగా నిషేధించిన 1/70 నిబంధన కూడా ఆ పోరాటం నడుస్తుండగానే వచ్చింది. ఈ రెండూ కలిసే శ్రీకాకుళాన్ని చల్లార్చాయి: ముఖ్యుల హత్య, అడిగినదానిలో కొంత ఇవ్వడం. ఆ ఇచ్చిందేమిటో పోలీసు విజయగాథల్లో కనపడదు, ఎందుకిచ్చారో ప్రభుత్వ నివేదికల్లో కనపడదు.

ఇక జగిత్యాల. ఈ మొత్తం ప్రశ్నకు నాకు తెలిసిన గట్టి సాక్ష్యం అదే కాబట్టి కొంచెం నిదానంగా చూడాలి. ఎమర్జెన్సీలో గిరాయిపల్లి అడవిలో విద్యార్థులను ఎన్‌కౌంటర్ పేరుతో కాల్చేశారు. 1975 డిసెంబర్ 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. విప్లవోద్యమం అయిపోయిందని చాలామంది అనుకున్నారు. 1977లో ఎమర్జెన్సీ ఎత్తేయగానే బయటపడ్డ కార్యకర్తలు పాత తప్పులను పరిశీలించుకుని, బహిరంగ ప్రజాసంఘాలు లేకుండా ఏదీ సాగదన్న నిర్ణయానికి వచ్చారు. యూనివర్సిటీ పిల్లలు సెలవుల్లో ఊళ్ళకు నడిచారు. కరీంనగర్ జిల్లా ఊళ్ళలో రైతుకూలీ సంఘాలు లేచాయి. జీతగాళ్ళ జీతం, పాలేర్ల పని గంటలు, దొరలు మింగిన బంజర్లు, జరిమానా పేరుతో గుంజిన డబ్బు, ఇవీ డిమాండ్లు. ఆయుధం సాంఘిక బహిష్కరణ. దొర పొలం దున్నేవాడు లేడు, బట్టలుతికేవాళ్ళు లేరు, గడ్డం గీసేవాడు లేడు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో జరిగిన జైత్రయాత్రకు ఊళ్ళకు ఊళ్ళే కదిలొచ్చాయి. చాలామంది దొరలు ఇళ్ళకు తాళాలేసి కరీంనగర్‌కో హైదరాబాద్‌కో వెళ్ళిపోయారు.

ఆరు వారాలు దాటగానే, అక్టోబర్ 20న, సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1948 నాటి చట్టాన్ని దుమ్ముదులిపి బయటికి తీశారు. నలుగురు ఒకచోట చేరితే నేరం. ఊళ్ళలో పోలీసు క్యాంపులు పడ్డాయి, చాలాచోట్ల దొర ఖాళీ చేసిన ఇంట్లోనే. సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి పేర్లు కరపత్రం మీద అచ్చయి ఉంటాయి కాబట్టి మొదట దొరికిపోయేది వాళ్ళే. అజ్ఞాతంలో ఉన్నవాడికి ఆ చిక్కు లేదు. సభ పెట్టలేని, రసీదు రాయలేని, పేరు చెప్పుకోలేని చోట సంఘం బతకదు. 1980లో పీపుల్స్‌వార్ పార్టీ పుట్టింది, దళాలు గోదావరి దాటి అడవిలోకి వెళ్ళాయి. సంఘాన్ని కొట్టి దళాన్ని పుట్టించారు, తర్వాత పాతికేళ్ళు ఆ దళంతో పోరాడారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. ప్రభుత్వం 13 మంది చనిపోయారంది, హక్కుల సంఘాల లెక్క అంతకు కొన్ని రెట్లు. ఆ తర్వాత ఆదిలాబాద్ అడవిలో దళానికి అన్నం పెట్టే గూడేలకు కొదవ లేకపోయింది.

ఇదే పీపుల్స్‌వార్ ఆంధ్రప్రదేశ్‌లో చివరికి ఎలా ఓడిందన్నది అవతలి పక్షానికి ఉన్న బలమైన వాదం, దాన్ని దాటవేయకూడదు. 1989లో గ్రేహౌండ్స్ దళం ఏర్పడింది. ఊరంతటినీ కొట్టడం క్రమంగా తగ్గి, ఎవరు ఏ గుట్ట మీద పడుకున్నారో తెలుసుకుని అక్కడికే వెళ్ళడం పెరిగింది. లొంగుబాటు పథకాలు, కోవర్టులు, గూఢచారి శాఖ ముందుకొచ్చాయి. 1999 డిసెంబర్ 2న ముగ్గురు కేంద్రకమిటీ సభ్యులు కొయ్యూరు దగ్గర ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. వేరేచోట పట్టుకొచ్చి చంపారని హక్కుల సంఘాలన్నాయి. సరిగ్గా ఏడాదికి అదే తేదీన పార్టీ తన గెరిల్లా సైన్యాన్ని ప్రకటించుకుంది. 2004 అక్టోబర్‌లో చర్చలు జరిగాయి, ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌరస్పందన వేదిక ఏళ్ళ తరబడి తలుపులు తట్టి సాధించిన చర్చలవి. 2005 జనవరికల్లా విఫలమయ్యాయి. ఆగస్టులో మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డిని, అప్పటికి మావోయిస్టు పార్టీగా మారిన పీపుల్స్‌వార్ చంపింది, వెంటనే నిషేధం మళ్ళీ వచ్చింది. రెండు మూడేళ్ళలో నల్లమల, ఉత్తర తెలంగాణ రెండూ ఖాళీ అయ్యాయి.

సరిగ్గా అదే 2005లో సరిహద్దుకు అవతల, బస్తర్‌లో, సల్వాజుడుం మొదలైంది. అక్కడ పద్ధతి పూర్తిగా వేరు. గూడేలను తగలబెట్టి జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తోలారు, రానివాడు మావోయిస్టు. వేలమంది ఆదివాసులు ఖమ్మం, వరంగల్ అడవులకు పారిపోయి వచ్చారు. గుత్తికోయలని పిలిచే ఆ కుటుంబాలు ఇవాళ్టికీ తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ గుర్తింపు లేకుండా, పోడు పట్టా లేకుండా బతుకుతున్నాయి. మిగిలినవాళ్ళలో చాలామంది యువకులు దళాల్లో చేరారు. 2010 ఏప్రిల్‌లో తాడిమెట్ల దగ్గర ఒక్క రోజే 76 మంది జవాన్లు చనిపోయేంత బలం మావోయిస్టులకు వచ్చింది. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుంను చట్టవిరుద్ధమంది. ఒకే పార్టీ, ఒకే కాలం, పక్కపక్క అడవులు. ఇవతల ఏరి కొట్టిన రాజ్యం గెలిచింది, అవతల గుడ్డిగా కొట్టిన రాజ్యం శత్రువును పెంచుకుంది. కలీవాస్ సూత్రానికి ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. చెచన్యాలో ఇష్టం వచ్చినట్టు ఫిరంగులు పేల్చిన ఊళ్ళ నుంచి దాడులు తగ్గాయని జేసన్ లయాల్ 2009లో రాశాడు కాబట్టి సూత్రానికి మినహాయింపులూ ఉన్నాయి. వియత్నాంలో బాంబులు పడ్డ పల్లెలు కమ్యూనిస్టుల చేతికే పోయాయని అమెరికన్ సైన్యం లెక్కలే చూపిస్తున్నాయి కాబట్టి ఆ మినహాయింపును ఎక్కువ నమ్ముకోవడం కష్టం.

ఏరి కొట్టడం అంటే చట్టప్రకారం కొట్టడమని మాత్రం అనుకోవద్దు. ఏరడానికి సమాచారం కావాలి. సమాచారం ఊళ్ళోంచి రావాలి. దాంతో ప్రతి ఊళ్ళోనూ ఇన్ఫార్మర్ అన్న అనుమానం పుడుతుంది. పోలీసులకు చెప్పాడని దళం చంపిన పేదవాళ్ళు, దళానికి అన్నం పెట్టాడని పోలీసులు చంపిన పేదవాళ్ళు ఒకే ఊళ్ళో, ఒకే వాడలో ఉన్నారు. హక్కుల కార్యకర్త బాలగోపాల్ తన జీవితంలో సగభాగం ఈ సంగతి మీదే రాశాడు. నిర్బంధాన్ని ఎంత గట్టిగా ఎదిరించాడో, ఉద్యమం తన చేతిలోని హింసకు ఎవరికీ జవాబు చెప్పనవసరం లేదనుకోవడాన్నీ అంత గట్టిగా ప్రశ్నించాడు. ఆ ప్రశ్న ఆయనను ఉన్న హక్కుల సంఘం నుంచి బయటికి తెచ్చి, 1998లో మానవ హక్కుల వేదిక వైపు నడిపించింది. అజ్ఞాతంలో బతికే పార్టీకి ఊరి మాట వినే అవకాశమూ అవసరమూ తగ్గిపోతాయి. నిర్బంధం ఉద్యమానికి చేసే చెడులో ఇది అన్నిటికంటే తక్కువ చర్చకు వచ్చింది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది.

బయటి దేశాల్లో ఇరాన్ ఉదాహరణ ఎక్కువగా వాడుతారు, దానికి తగ్గ కారణం ఉంది. 1978 జనవరి 9న కోమ్ నగరంలో మతవిద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. షియాలకు చనిపోయినవాడి నలభయ్యో రోజు సంతాపం ఆచారం. ఫిబ్రవరి 18న ఆ నలభయ్యో రోజున తబ్రీజ్ భగ్గుమంది, అక్కడ మళ్ళీ చావులు. వాటికి మళ్ళీ నలభై రోజులు. సంతాప సభను నిషేధించడానికి ఏ షాకూ ధైర్యం చాలదు, కాబట్టి ప్రతి కాల్పూ తర్వాతి ఊరేగింపుకు తేదీ రాసిచ్చింది. సెప్టెంబర్ 8న టెహ్రాన్ జాలే కూడలిలో సైన్యం కాల్చాక వీధులు కొన్నాళ్ళు సద్దుమణిగాయి, కానీ చమురు కార్మికులు సమ్మెకు దిగారు. చమురు బావి దగ్గర పని మానేసినవాడిని కాల్చి పని చేయించలేరు. 1979 ఫిబ్రవరి 11 నాటికి రాజ్యం లేదు. షా ఊగిసలాట కూడా కలిసొచ్చింది: ఒకవైపు మార్షల్ లా, ఇంకోవైపు మీ విప్లవం గొంతు విన్నానని నవంబర్‌లో టీవీలో ప్రసంగం. అయితే ఊగిసలాడకుండా చంపి ఉంటే గెలిచేవాడే అన్నవాళ్ళు, ఆ సైన్యంలో ఉన్నది మతగురువు ఫత్వా వింటున్న పల్లెటూరి కుర్రాళ్ళని మరిచిపోతున్నారు.

శవం ఎంత బలమైనదో మన పోలీసులకు ఆ పాఠం చెప్పనక్కర్లేకపోయింది. ఎన్‌కౌంటర్ మృతదేహాలను ఇంటివాళ్ళకు ఇవ్వకుండా తామే దహనం చేసేవాళ్ళు. అంత్యక్రియలకు వేలమంది వచ్చి పాట పాడితే ఇంకో దళానికి మనుషులు దొరుకుతారన్న భయం. బిడ్డ మొహం చివరిసారి చూడటానికి తల్లులు మార్చురీల ముందు రోజుల తరబడి కూర్చున్నారు. శవాల స్వాధీనం కోసం కమిటీలు వేసుకోవాల్సి వచ్చిన రాష్ట్రం మనది.

కాల్చమన్న ఆజ్ఞను సైనికుడు ఎన్నాళ్ళు వింటాడన్నదానికి పెట్రోగ్రాడ్ చూడాలి. 1917 ఫిబ్రవరి 26న జార్ ఆజ్ఞ మీద వోలిన్‌స్కీ రెజిమెంటు సైనికులు జ్నామెన్‌స్కయా కూడలిలో జనాన్ని కాల్చారు, పదుల మంది చనిపోయారు. ఆ రాత్రి బ్యారక్‌లలో మాట్లాడుకున్నారు. తెల్లారి అధికారి వచ్చి మళ్ళీ బయల్దేరమంటే అతన్ని చంపి, పక్క రెజిమెంట్లను లేపారు. అంటే ఆ ఆజ్ఞ ఒక రోజు పనిచేసింది, రెండో రోజు పనిచెయ్యలేదు. ఇదే సామ్రాజ్యంలో పదేళ్ళ ముందు ప్రధానమంత్రి స్తొలీపిన్ రణరంగ కోర్టులు పెట్టి కొన్ని నెలల్లో వెయ్యి మందికి పైగా ఉరితీయించాడు. 1905లో లక్షల మంది సమ్మె చేసిన దేశంలో 1910 నాటికి సమ్మెకారులు యాభై వేలకు లోపే. 1912లో లేనా బంగారు గనుల్లో కార్మికులను కాల్చగానే అంతా తిరిగొచ్చింది.

ఎప్పుడూ తిరిగొస్తుందని మాత్రం చెప్పలేను. ఇండోనేషియాలో 1965-66లో కనీసం అయిదు లక్షల మందిని చంపారు. దాదాపు ముప్పై లక్షల సభ్యత్వం చెప్పుకున్న కమ్యూనిస్టు పార్టీ మళ్ళీ లేవలేదు, ఇవాళ్టికీ లేదు. తగినంత మందిని చంపితే ఒక ఆలోచనను దేశం నుంచి తుడిచేయవచ్చని ఒప్పుకోవడానికి మనసు రాదు, కానీ అక్కడ జరిగింది అదే. ఆ హత్యాకాండతో అధికారానికొచ్చిన సుహార్తోనే 1998 మే 12న త్రిసక్తి యూనివర్సిటీ దగ్గర నలుగురు విద్యార్థులు పోలీసు తూటాలకు చనిపోతే తొమ్మిది రోజుల్లో గద్దె దిగాడు. 1965లో చంపినవాళ్ళకు ముస్లిం సంఘాలు, సైన్యం, అమెరికా అండగా ఉన్నాయి. 1998లో రూపియా విలువ కూలి, సొంత మంత్రులే రాజీనామా చేస్తున్నారు. శవాల సంఖ్య కన్నా, ఆ శవాలను చూసి ఎవరెవరు ప్రభుత్వం పక్కనుంచి తప్పుకున్నారన్నదే ఎక్కువ చెబుతుంది.

ఆయుధం లేని ఉద్యమానికి ఇక్కడే బలం. ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్ 1900 నుంచి 2006 దాకా 323 ఉద్యమాలను లెక్కగట్టి 2011లో పుస్తకం తెచ్చారు. అహింసాయుతమైనవి 53 శాతం, సాయుధమైనవి 26 శాతం గెలిచాయి. ఏది అహింస, ఏది గెలుపు అన్న నిర్వచనాల మీద న్యాయమైన అభ్యంతరాలున్నాయి, అయినా దిశ నమ్మదగ్గదే. మన దగ్గర 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు మీద ఊరేగింపును కాల్చి ముగ్గురిని చంపారు. ఉద్యమం ఆ వారమే గెలవలేదు. 2004 ఎన్నికల్లో ఆ పేరు ప్రతి సభలో వినపడింది, కొత్త ప్రభుత్వం మొదటి సంతకం ఉచిత కరెంటు మీదే పడింది. 2010 జులై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటుకు బీల చిత్తడి నేలను ఇచ్చేది లేదన్న రైతులు, మత్స్యకారుల మీద కాల్పులు జరిగాయి. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. బీల నీళ్ళు తాగే మడి, చేప, గడ్డి, తుంగ గురించి ఆ ఊళ్ళవాళ్ళు ముందే కేసు వేసి ఉన్నారు. వీధి, కోర్టు రెండూ తెరిచి ఉన్నాయి కాబట్టే అక్కడ తుపాకి అవసరం ఎవరికీ కనపడలేదు. 1969లో ప్రత్యేక రాష్ట్రం అడిగిన తెలంగాణ విద్యార్థుల మీద కాల్పులు అంతకంటే ఘోరంగా జరిగాయి. 1971లో ఆ ఉద్యమ పార్టీ తెలంగాణ ప్రజా సమితి పది లోక్‌సభ సీట్లు గెలిచింది. ఆ గెలుపును నాయకులు కాంగ్రెస్‌లో కలిపేశారు, అది నిర్బంధం తప్పు కాదు.

ఈ ప్రశ్నను లెక్కలతో తేల్చాలంటే ముందు చావులు లెక్కలోకి రావాలి. ఎమర్జెన్సీ ఎన్‌కౌంటర్ల మీద వేసిన భార్గవ కమిషన్ బహిరంగ విచారణ పూర్తికాకుండానే ఆగిపోయింది. ప్రతి ఎన్‌కౌంటర్ చావు మీదా ఎఫ్ఐఆర్ కట్టాలని, ఆత్మరక్షణ అన్న వాదన కోర్టులోనే తేలాలని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2014లో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలిచ్చింది. మనకు ఉన్న గణాంకాలు చాలావరకు చంపినవాళ్ళు రాసుకున్నవి. ఆ అంకెలతో గీసిన వక్రరేఖల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు అబూజ్‌మడ్‌లో చనిపోయాడు, శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటవాడు. అక్టోబర్‌లో ఆ పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ అరవై మందితో గడ్చిరోలిలో ఆయుధాలప్పగించాడు. నవంబర్‌లో మావోయిస్టు కమాండర్ హిడ్మా మారేడుమిల్లి అడవిలో చనిపోయాడు. సాయుధ పోరాటంలో ఈ దశ ముగింపుకు వచ్చిందనడంలో అనుమానం పడాల్సిందేమీ లేదు. నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. 2021 మేలో బస్తర్ సిల్గేర్ దగ్గర భద్రతా క్యాంపు వద్దన్న ఆదివాసుల మీద కాల్పులు జరిగాక, అక్కడి చదువుకున్న పిల్లలు మూల్‌వాసీ బచావో మంచ్ అని పెట్టుకుని నెలల తరబడి రోడ్డు పక్కన కూర్చున్నారు. గ్రామసభ అనుమతి, పెసా చట్టం, అటవీ హక్కులు వాళ్ళ డిమాండ్లు. తుపాకి లేదు, పేర్లు దాచుకోలేదు. 2024 అక్టోబర్ చివర ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ సంస్థను నిషేధించింది, కార్యకర్తలు జైళ్ళకు వెళ్ళారు. తుపాకులు దిగుతున్న సమయంలోనే, పేరు చెప్పుకుని రోడ్డు మీద కూర్చున్న సంఘాన్ని కొట్టారు. 1978 అక్టోబర్‌లో జగిత్యాలలో జరిగింది కూడా ఇదే, ఇదే వరసలో.